రెండో చుట్టు

పోయిన వారం పైలట్‌ని అత్తగారింటి మెట్ల మీద వదిలిపెట్టాం. అంతకు ముందు రోజే అతని ఛాతీకి పతకం గుచ్చారు. బ్యాండు వాయించారు, పేపరువాళ్లు ఫొటోలు తీశారు. శత్రువుల నది మీది వంతెన మీద మొదటిసారి బాంబులు పడకపోయినా వదలకుండా, గుండ్ల వానలో విమానాన్ని వెనక్కి తిప్పి రెండో చుట్టులో దాన్ని కూల్చినందుకు ఆ పతకం. దాంతోపాటు రెండు రోజులు సెలవిచ్చారు. భార్యను చూడటానికి వచ్చాడు. అతని విమానంలో దారి లెక్కలు చూసే నావిగేటర్ కూడా వెంట వచ్చాడు. అతను పైలట్ భార్యకి తమ్ముడు.

ఒక సంగతి మళ్లీ చెప్పుకోవాలి. దాడులకొక లెక్కుంది. అన్ని దాడులూ చేసి ప్రాణంతో మిగిలినవాణ్ణి ఇక పంపరు. పైలట్ లెక్క పూర్తయింది. అతని మనుషులకి ఇంకొకటి మిగిలింది. కొత్త పైలట్ తన మనుషుల్ని తీసుకెళ్లేముందు పాత పైలట్ పక్కన నిలబడి ఒకసారి వెళ్లి రావాలి. అది పైలట్ ఖాతాలో పడుతుంది, అతని మనుషుల ఖాతాలో పడదు. మొదట్లో ఆ తేడా ఎవరికీ పట్టలేదు. ఇప్పుడా ఇంట్లో దాని గురించి తప్ప మాట లేదు.

కావాలనుకుంటే పైలట్ ఆ చివరి దాడికి వాళ్లతో వెళ్లొచ్చు. వెళ్లకపోతే అడిగేవాడు లేడు. ఏ సంగతో రేపు పొద్దున చెప్పాలి.

అత్తగారిది మందుల షాపు పైన రెండు గదుల ఇల్లు. బాంబు పడితే అద్దం పగిలి ఎగరకుండా కిటికీలకి అడ్డంగా కాగితం పట్టీలు అంటించి ఉన్నాయి. కిటికీ పక్కన కుట్టు మిషను, దాని మీద సిపాయిల చొక్కాలు గుట్టగా పడి ఉన్నాయి. అత్తగారు వాటికి కాజాలు కుడుతుంది. ఆ మధ్యాహ్నం మిషను ఆపి టేబుల్ మీద రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు పెట్టింది.

"తినండి అల్లుడుగారూ. మీకు రెండు."

"నాకొకటేనా?" అన్నాడు కొడుకు.

"ఆయనకి పతకం వచ్చింది."

"అయితే పతకానికొకటి, మనిషికొకటి అన్నమాట. మరి పతకం వాటా నాకియ్యొచ్చు కదా, అదెలాగూ తినదు."

"నోరు మూసుకుని తిను."

"మూసుకుని ఎలా తింటానే అమ్మా?"

తల్లి నవ్వలేదు. ఆమె అడగాల్సింది వేరే ఉంది. పైలట్ రొట్టె తుంచే దాకా ఆగింది.

"రేపు ఏం చెబుతారు అల్లుడుగారూ?"

పైలట్ మాట్లాడకముందే అతని భార్య అందుకుంది. "ఏం చెబుతారు? రానని చెబుతారు. ఆయన లెక్క అయిపోయిందిగా."

"నేను నిన్నడగలేదు."

"ఆయన తరఫున చెప్పడానికి నాకు హక్కుంది."

"నీ మొగుడు నీకు దక్కాడు. ఇప్పుడు నా కొడుకుని ముక్కూ మొహం తెలియనివాడి చేతిలో పెట్టమంటావా?"

"వాడు నాకు తమ్ముడు కాడా అమ్మా? ఇద్దరూ ఒకే విమానమెక్కి అది తిరిగి రాకపోతే? నీకు నేనుంటాను. నాకెవరుంటారు?"

"ఇద్దరూ ఎక్కి ఇన్నాళ్లూ తిరిగి రాలేదా?"

"వచ్చారు. అందుకే ఇక చాలంటున్నాను."

తల్లీకూతుళ్లు ఒకరినొకరు చూసుకోవడం మానేశారు. ఇద్దరూ పైలట్‌నే చూస్తున్నారు. అతనికిది కొత్త కాదు. కొంతకాలంగా ఎక్కడ కూర్చున్నా అందరూ అతన్నే చూస్తున్నారు. అది అతనికి బాగానే ఉంటోంది. ఏం చెప్పాలో రైల్లోనే నిశ్చయించుకున్నాడు. సరైన సమయం కోసం ఇంతసేపు దాచి ఉంచాడు, అంతే.

"వెళ్తానత్తయ్యా" అన్నాడు. "నా మనుషుల్ని మధ్యలో వదిలేసే రకం కాదు నేను."

అత్తగారు అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. ఆమె వేలికి కుట్టుపని తొడుగు ఇంకా ఉంది, అది చల్లగా తగిలింది. భార్య లేచి, సగం తిన్న పళ్లేలు తీయడం మొదలుపెట్టింది. పళ్లేలు గట్టిగా మోగాయి.

"వద్దు బావా" అన్నాడు బావమరిది.

"మర్యాదకి అంటున్నాడు" అంది తల్లి.

"మర్యాదకి కాదమ్మా. నిజంగానే వద్దు." అతను గుడ్డు పెంకు గోటితో చిన్న చిన్న ముక్కలుగా విరుస్తున్నాడు. "మేమంతా అనుకున్నాం. కమాండర్ దగ్గరికి వెళ్లి అడిగాం కూడా. చివరిదానికి వేరే పైలట్‌ని ఇమ్మని. ఆయన సరేనన్నాడు."

పళ్లేల చప్పుడు ఆగింది.

"ఎప్పుడు?" అన్నాడు పైలట్.

"నీకు పతకం వస్తుందని తెలిసిన రోజున."

"అంటే ఏడుపన్నమాట. నా ఒక్కడికే ఇచ్చారని."

"బావా, ఆ పతకం నువ్వు నా ఛాతీకి గుచ్చినా తీసి అక్కడ పెడతాను. మాకు రెండో చుట్టు తిరిగే పైలట్ వద్దు. ఒక్కసారి వెళ్లి, పడేసి, ఇంటికి తెచ్చేవాడు కావాలి. అంతకన్నా ఏం లేదు."

"తిరిగాను కాబట్టే వంతెన కూలింది."

"తిరిగావు కాబట్టే పాటగాడు పోయాడు."

పాటగాడంటే ఆ విమానంలో నడుమ కూర్చుని తుపాకీ పేల్చే గన్నరు. పనేం లేనప్పుడు మైకులో సన్నగా పాడేవాడు. పైలట్ ఆపమంటే ఆపి, కొంచెం సేపటికి మళ్లీ మొదలుపెట్టేవాడు. రెండో చుట్టులో గుండు తగిలి పోయాడు. పతకం ఇచ్చేటప్పుడు చదివిన ప్రశంసలో అతని ప్రస్తావన ఒక్క ముక్క ఉంది, అదీ పేరు లేకుండా.

పైలట్ కుర్చీ వెనక్కి జరిపాడు. అతని గొంతు పెరగలేదు. ఎప్పుడూ పెరగదు. దాని గురించి కూడా పేపర్లో రాశారు.

"సరే, మాట్లాడదాం. మీ అమ్మా అక్కా వింటున్నారు, విననీ. మొదటిసారి వంతెన మీదికి వెళ్లినప్పుడు మాస్టారు మైకులో ఏమన్నాడు?"

మాస్టారంటే బాంబులు వదిలేవాడు. యుద్ధానికి ముందు ఏదో బడిలో బొమ్మలు గీయడం నేర్పేవాడు. విమానం ముక్కులో, గాజు కింద, బోర్లా పడుకుని కిందికి చూస్తూ ఉంటాడు. గురి కుదరగానే బటన్ నొక్కి 'పోయాయి' అంటాడు. ఆ మాట వినగానే పైలట్ ఇంటిదారి పడతాడు.

"పోయాయన్నాడు" అన్నాడు బావమరిది.

"పోయాయా?"

బావమరిది ఇంకో పెంకు ముక్క విరిచాడు.

"అన్ని టన్నులు ఒక్కసారి జారిపోతే విమానం పైకి లేస్తుంది. అది నా వీపుకి తెలుస్తుంది. ఆ రోజు లేవలేదు. వాడు నొక్కలేదు. నొక్కకుండా నొక్కానన్నాడు. నువ్వు వాడి వెనకే కూర్చుంటావు, నీకూ తెలుసు. నువ్వూ నోరెత్తలేదు. నేను తిరిగానని నన్నంటున్నావే, మరి వాడు మొదటిసారే నొక్కి ఉంటే?"

"నువ్వు తిరక్కపోయి ఉంటే?"

"దిగాక ఆఫీసరు అడిగితే ఏం చెప్పానో తెలుసా? మంచుకి హుక్కులు బిగుసుకుపోయి బాంబులు ఊడలేదని చెప్పాను. ఎవరికోసం? యుద్ధంలో గురి మీద బాంబు వెయ్యకుండా వేశానని చెప్పినవాణ్ణి ఏం చేస్తారు? తెలిసీ దాచినవాణ్ణి ఏం చేస్తారు?" భార్య వైపు తిరిగాడు. "ఏం చేస్తారో నీకు తెలియాలి. జైల్లో పెడతారు. వీణ్ణి నేను ఇన్నాళ్లూ నా నాలుక కింద దాచాను. వీడేమో నేనంటే భయమని కమాండర్‌కి చెప్పొచ్చాడు."

భార్య పళ్లేలు మళ్లీ టేబుల్ మీద పెట్టేసింది. "ఒరేయ్, ఎందుకు నొక్కలేదురా ఆయన?"

"అక్కా, ఆ సంగతి వదిలెయ్."

"ఎందుకు నొక్కలేదు?"

తమ్ముడు బావ వైపు చూశాడు. ఆపుతాడేమోనని చూశాడు. పైలట్ ఆపలేదు. తానే గెలిచాననుకుంటున్నాడు.

"వంతెన మీద జనం ఉన్నారు" అన్నాడు తమ్ముడు. "ఈ కొస నుంచి ఆ కొస దాకా. నడుస్తున్నారు. బళ్లు తోసుకుంటూ."

తల్లి మొదటిసారి కొడుకు వైపు తిరిగింది. "సిపాయిలేమోరా."

"సిపాయిలు మంచాలు మోసుకెళ్లరమ్మా. పరుపులు మోసుకెళ్లరు. మాస్టారు మైకు చేత్తో మూసి నాతో అన్నాడు. జనమున్నారు, నొక్కలేను, సముద్రం మీద పారేద్దాం, ఏం మాట్లాడకు అన్నాడు. నేను మాట్లాడలేదు. అప్పుడు బావ అన్నాడు, పోలేదు, ఇంకోసారి తిరుగుతున్నాం అని. తిరిగేటప్పుడే పాటగాడికి తగిలింది. మైకులో ఒకటే మూలుగు. దాని మీదుగా బావ అన్నాడు, ఈసారి కూడా నా వీపుకి తెలియకపోతే మూడోసారి తిరుగుతా అని. మాస్టారు నొక్కాడు."

కింద షాపులో సీసాలు సర్దుతున్న చప్పుడు వినబడుతోంది.

"నాకు తెలీదు" అన్నాడు పైలట్. "పైలట్‌కి ఎదురుగా ఆకాశం తప్ప ఏమీ కనబడదు. కింద ఏముందో ముక్కులో పడుకున్నవాడు చెప్పాలి. వాడు చెప్పలేదు. అది వాడి తప్పు."

"తిన్నగా వెళ్లేటప్పుడు కనబడదు, నిజమే" అన్నాడు బావమరిది. పెంకు ముక్కల్ని అరచేత్తో ఒక పక్కకి నెట్టాడు. "కానీ రెండోసారి తిరిగేటప్పుడు ఎడమ రెక్క వాల్చావు. వంతెన ఎడమ పక్కనే ఉంది. రెక్క వాలిస్తే పైలట్ కిటికీలోంచి కిందంతా కనబడుతుంది. నా బల్ల దగ్గర్నుంచి నీ తల కనబడుతుంది బావా. నువ్వు కిందికి చూశావు."

పైలట్ ఏమీ అనలేదు.

అతని భార్యకి ఆ మౌనం కొత్త. చెయ్యని పనిని కూడా చేశానని చెప్పుకోవడం అతనికి కష్టం కాదు. చేసిన పనిని కాదనడం ఇంకా తేలిక. ఆ రెండూ చెయ్యకుండా కూర్చున్నాడు.

"చూశారా?" అంది.

"యుద్ధం గురించి వంటగదిలో మాట్లాడుకోవడం నాకిష్టం లేదు."

"ఇది వంటగది కాదు. మా అమ్మ కుట్టే గది. చూశారా?"

అప్పుడే కింది నుంచి మందుల షాపాయన కేక వేశాడు. "పైలట్ గారూ. మీకే ఫోను. కమాండర్ గారట. త్వరగా రండి, ఆయన ఆగే రకంలా లేడు."

పైలట్ లేచిన వేగం చూసి భార్యకి ఒళ్లు మండింది. పారిపోవడానికి దారి దొరికినవాడిలా లేచాడు. ఆమె వెనకే దిగింది, ఆమె వెనక తమ్ముడు. తల్లి కూడా మెట్ల గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగింది.

షాపాయన బల్ల వెనక గోడకి పైలట్ ఫొటో అతికించి ఉంది, పేపర్లోంచి కత్తిరించింది. దానికిందే ఫోను.

"దగ్గుమందు కొన్న ప్రతివాడికీ మీ గురించి చెబుతున్నానండీ" అన్నాడు రిసీవర్ అందిస్తూ. "కొందరు దగ్గు లేకపోయినా వస్తున్నారు." ఎవరూ నవ్వకపోయేసరికి గుడ్డ తీసుకుని సీసాలు తుడవడానికి పక్కకి తప్పుకున్నాడు. అంత దూరం మాత్రం వెళ్లలేదు.

కమాండర్‌ది పెద్ద గొంతు. రిసీవర్ దాటి షాపంతా వినబడుతోంది.

"సెలవు పాడు చేస్తున్నాను. మీ మాస్టారు నా గదిలో కూర్చుని ఉన్నాడు. పొద్దుట్నుంచీ కూర్చున్నాడు. లేవమంటే లేవడు."

"ఏమైంది సార్?"

"వంతెన దగ్గర మొదటిసారి బటన్ నొక్కలేదంటున్నాడు. కావాలనే నొక్కలేదట. నొక్కానని నీకు అబద్ధం చెప్పాడట. రాసి సంతకం పెడతానంటున్నాడు. నువ్వేమో మంచన్నావు. మంచుకి హుక్కులు బిగుసుకున్నాయన్నావు. అన్నావా లేదా?"

"అన్నాను సార్."

"ఆ మాట నేను పైకి చెప్పాను. వాళ్లు ఇంకా పైకి చెప్పారు. దాని మీద పతకం వచ్చింది. కాబట్టి జాగ్రత్తగా విను. అది మంచే అయితే వీడికి మతి చెడింది. చాలామందికి చెడుతోంది. పిచ్చాసుపత్రికి పంపిస్తాను, అంతటితో సరి. మంచు కాకపోతే వీడిది కోర్టు మార్షల్. వీడొక్కడిదే కాదు, తెలిసి నోరు మూసుకున్న ప్రతివాడిదీ. ఒక్క మాట చెప్పు చాలు. మంచా, కాదా?"

అక్క చెయ్యి తమ్ముడి మోచేతిని వెతికి పట్టుకుంది. గోళ్లు దిగేంతగా పట్టుకుంది. ఇందాక పైన మొగుణ్ణి నిలదీసిన మనిషి, ఇప్పుడు అతని నోటి వైపు చూస్తోంది. ఏ మాట రావాలని చూస్తోందో దాచుకోవడానికి కూడా ప్రయత్నించడం లేదు.

"మంచే సార్" అన్నాడు పైలట్.

ఎక్కడా తొణకని గొంతు. బావమరిదికి అది బాగా తెలుసు. 'ఇంకోసారి తిరుగుతున్నాం' అన్నది ఈ గొంతే.

"నేనూ అదే అనుకున్నాను" అన్నాడు కమాండర్. అతని గొంతు తేలికపడింది. "మంచి మాట చెప్పావు. ఆంబులెన్స్ పిలుస్తాను. వీణ్ణి నలుగురు పట్టుకోవాల్సి వస్తుందేమో. సరే, నువ్వు..."

ఆ తరవాతి మాట పైలట్ చెవిలో పడలేదు. బావమరిది మోచెయ్యి విదిలించుకుని వచ్చి రిసీవర్ లాక్కున్నాడు. లాగడంలో బల్ల మీది సీసా ఒకటి దొర్లి కింద పడింది.

"సార్, నేను నావిగేటర్‌ని. మంచు లేదు. మాస్టారు చెప్పింది..."

టక్కుమని చప్పుడైంది. అక్క అరచెయ్యి ఫోను మీద ఉంది. రిసీవర్ పెట్టే కొమ్ముల్ని అదిమి పట్టింది.

తమ్ముడు చేతిలోని రిసీవర్ వైపు, ఆమె చేతి వైపు మార్చి మార్చి చూశాడు. "ఏం పని చేశావక్కా?"

"నువ్వు చెయ్యబోయే పని ఆపాను."

"మాస్టార్ని పిచ్చాసుపత్రిలో పెడతారు. విన్నావు కదా. ఆయనకి పిచ్చి లేదు. మాలో ఆ రోజు బుర్ర సరిగ్గా ఉన్నది ఆయనొక్కడికే."

"అయ్యుండొచ్చు."

"ఆయన మనిషి కాడా?"

"మనిషే. నా తమ్ముడు కాడు." ఆమె చెయ్యి తియ్యలేదు. "నన్ను తిట్టు. ఎంత కావాలంటే అంత తిట్టు. ఇంట్లో కూర్చుని తిట్టు, జైల్లో కాదు."

పైలట్ కోటు చేతులు సర్దుకుంటున్నాడు. "ఏం వినబడి ఉండదు. నావిగేటర్‌ని అనేదాకా వినబడి ఉంటుందేమో. తరవాతది పడలేదు."

"పడింది" అన్నాడు బావమరిది. "మంచు లేదన్నాకే అక్క నొక్కింది."

"కాదు. ముందే నొక్కింది."

"బావా, నీ వీపుకి తెలిసిందా ఇది కూడా?"

పైలట్ ఒక అడుగు ముందుకేశాడు. భార్య ఇద్దరి మధ్యకీ జరిగింది, చెయ్యి మాత్రం ఫోను మీదే ఉంచి. "మీరు అక్కడే ఉండండి" అంది మొగుడితో. "తమ్ముణ్ణి కాపాడారని దణ్ణం పెడతాననుకోకండి. మీరు కాపాడుకున్నది వాణ్ణి కాదు. నాకు తెలుసు."

అతను షాపాయన వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. ఏ మాట దగ్గర నొక్కింది?"

"నాకేం తెలుసండీ" అన్నాడు షాపాయన. కింద పడ్డ సీసా ఏరుకుంటున్నాడు. "నేను సీసాలు తుడుస్తున్నాను." ఒకసారి గోడ మీద ఫొటో వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

బావమరిది రిసీవర్ని బల్ల మీద పెట్టాడు. "చెయ్యి తియ్యి అక్కా. నేనే మళ్లీ చేస్తాను."

"తియ్యను."

"రాత్రంతా ఇలాగే నిలబడతావా?"

"నిలబడతాను."

ఆమె చేతి కింద ఫోను మోగింది.

ఆమె ఉలిక్కిపడింది, కానీ చెయ్యి తియ్యలేదు. అది మోగుతోంది. కమాండర్ సగం విని అడగడానికి చేస్తున్నాడో, అంతా విని చేస్తున్నాడో, ఏమీ వినక పైలట్‌తో తన మాట పూర్తి చెయ్యడానికి చేస్తున్నాడో ఆ నలుగురిలో ఎవరికీ తెలీదు. ఎవరెత్తితే వాళ్ల మాటే నిలుస్తుంది. అందుకే పైలట్ చెయ్యి చాపాడు. అందుకే బావమరిది ఆ చేతిని పట్టుకున్నాడు. వాళ్లిద్దరూ ఒకరి మణికట్టు ఒకరు పట్టుకుని పెనుగులాడుతుంటే, బల్ల అవతలి నుంచి తల్లి వచ్చింది.

మెట్లు దిగింది మొదలు ఆమె ఒక్క మాటా అనలేదు. ఆమె మనసిప్పుడు ఎటుందో పిల్లలిద్దరికీ అంతుపట్టలేదు. కొడుకుని అల్లుడి చేతిలో పెట్టాలని ఇందాక పట్టుబట్టిన మనిషి ఆమె. మంచాలు మోసుకెళ్లేవాళ్లు సిపాయిలేమో అని అడిగిన మనిషి కూడా ఆమే.

కూతురి చేతి మీద తన చెయ్యి వేసింది. తొడుగున్న వేలితో మెల్లగా ఆ వేళ్లని ఒక్కొక్కటే లేపింది. కూతురు "అమ్మా, వద్దే" అంది. తల్లి బల్ల మీది రిసీవర్ తీసి చెవికి పెట్టుకుంది. మొదట తలకిందులుగా పెట్టుకుని, అవతలి గొంతు ఎక్కడి నుంచి వస్తోందో చూసుకుని, తిప్పి పెట్టుకుంది.

"వాళ్లెవరూ కాదండీ" అంది. "నేను నావిగేటర్ తల్లిని. ముందు మీరు చెప్పండి. మా వాడన్నది మీకెంతవరకు వినబడింది?"